చూపుండగానే కంటి పరీక్ష

మగ్గం ముందు నిలబడే మనిషికి చేతులెంతో కళ్లూ అంతే. పడుగులో తెగిన పోగును పట్టి ఇచ్చేది చూపే. ఆ చూపును చప్పుడు చేయకుండా హరించే శత్రువు మన మధ్యనే ఉంది. అది చక్కెర జబ్బు. దేశంలో సుమారు 10 కోట్ల మందికి ఈ జబ్బు ఉన్నదని భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో తెలిపింది. షోలాపూర్, భివండీ మగ్గాల మీద బతికే తెలుగువారం దీనికి మినహాయింపు కాము.

షుగరు అదుపు తప్పితే కంటి వెనుక రెటీనా అనే పొరలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. నొప్పి ఉండదు, ఎర్రదనం ఉండదు. చాలాకాలం చూపు కూడా తగ్గదు. "పోగు బాగానే కనబడుతోంది, పరీక్ష ఎందుకు?" అనే సోదరులు గ్రహించవలసింది ఇదే. మసక వచ్చేనాటికి జబ్బు ముదిరి ఉంటుంది. లేజరు చికిత్స, కంటిలోకి ఇచ్చే సూదిమందు ఉన్న చూపును చాలావరకు కాపాడతాయి. పోయిన చూపునంతా తిరిగి తేలేవు. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు.

అందుచేత పెద్దవయసులో షుగరు బయటపడిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి రెటీనా పరీక్ష జరగాలి. కళ్లద్దాల శిబిరంలో అక్షరాలు చదివినంత మాత్రాన ఈ పరీక్ష అయిపోయినట్టు కాదు. చుక్కలు వేసి గాని, ప్రత్యేక కెమెరాతో గాని కంటి వెనుక భాగాన్ని చూడాలి. "నాకు షుగరు ఉంది, రెటీనా చూడండి" అని నోరు తెరిచి అడగండి. చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. ఆ పూట మగ్గం దగ్గరకు పోరాదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ పూట కూలి ఎవరిస్తారు? ఈ.ఎస్.ఐ. అనారోగ్య భత్యం మామూలుగా మొదటి రెండు రోజులకు రాదు. పీసు లెక్కన నేసేవారికి నేయని మీటరుకు పైసా రాదు. అంతకంటే పెద్ద భయం, జబ్బు సంగతి తెలిస్తే పనిలోంచి తీసేస్తారేమోనని. ఆ భయంతో మాత్రలు చాటుగా మింగేవారిని నిందించి ప్రయోజనం లేదు. భయం పోగొట్టడం సంఘం పని.

మన కోర్కెలు స్పష్టం. షుగరు ఉన్న ప్రతి కార్మికునికి, కార్మికురాలికి పరీక్ష కోసం ఏటా ఒక రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. ఫలితం కార్మికుని చేతికే అందాలి, మేనేజరు బల్ల మీదికి పోరాదు. చూపు తగ్గినవారికి తగిన పని చూపాలి తప్ప గేటు చూపరాదు. ఈ.ఎస్.ఐ. డిస్పెన్సరీలలో రెటీనా కెమెరా పెట్టాలి. 2019 జులై నుంచి మన జీతంలో నూటికి 75 పైసలు, యజమాని వాటాగా 3 రూపాయల 25 పైసలు ఈ.ఎస్.ఐ.కి చేరుతున్నాయి. కాబట్టి ఇది భిక్ష కాదు, హక్కు. ఈ.ఎస్.ఐ. కార్డే లేని మరమగ్గాల కార్మికులకు సర్కారు ఆసుపత్రి ద్వారా షెడ్ల వద్దే పరీక్షలు జరపాలి.

మన వంతు కూడా ఉంది. రాత్రి షిఫ్టులోనైనా వేళకు తిని మాత్ర వేసుకోవాలి. రక్తపోటు చూపించుకోవాలి. బీడీ మానాలి. రేపు పనిలోకి వెళ్లగానే పక్క మగ్గం సోదరుణ్ణి ఒక్క మాట అడగండి: "షుగరుందా? కంటి వెనుక చూపించుకున్నావా?"