కాడి ఎద్దు మెడకు, సైకిలు మనిషి ఒంటికి

ట్రయథ్లాన్ అనే మాట మన కాలేజిలో చాలామందికి కొత్త. కనుక దాని సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పి అసలు విషయానికి వస్తాను. ఈత, సైకిలు, పరుగు ఈ మూడింటినీ మధ్యలో ఆగకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తిచేసే పందెం అది. 1974లో అమెరికాలోని శాన్‌డియాగోలో పుట్టింది. 1978లో హవాయిలో జరిగిన మొట్టమొదటి ‘ఐరన్‌మాన్’ పందానికి బయల్దేరినవాళ్ళు పదిహేనుమంది, చివరిదాకా చేరినవాళ్ళు పన్నెండుమంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ ఆట చేరింది. ఒలింపిక్ దూరం అంటే ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. మన దేశంలో గోవాలో 2019లో సగం ఐరన్‌మాన్ మొదటిసారి జరిగినప్పటినుంచీ కుర్రకారులో దీని పిచ్చి బాగా ముదిరింది. ఆ పిచ్చి పట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

పల్లెటూరివాడికి ఈత కొత్త కాదు. వ్యవసాయ బావిలో మునిగి తేలినవాడికి కోచింగు ఇస్తే స్విమ్మింగ్ పూల్ ఒక లెక్కా? పరుగుకి ఒక జత బూట్లు చాలు. మూడోదైన సైకిలు దగ్గరకొచ్చేసరికే రైతుబిడ్డ కాళ్ళు ఆగిపోతాయి. “ఇది డబ్బున్నవాళ్ళ ఆట, మనకెందుకురా” అని హాస్టల్ మిత్రులు నాతో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఆ మాట సగమే నిజమని, మిగతా సగాన్ని దుకాణాలవాళ్ళు అమ్ముకుంటున్నారని నా అభిప్రాయం. దాన్ని సైన్సు విద్యార్థిగా లెక్కగట్టి చెబుతాను.

నగరంలో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. నా ఎత్తెంత, కాళ్ళ పొడవెంత అని ఒక్క మాటైనా అడగకుండా, నాలుగైదు లక్షల ఖరీదు చేసే కార్బన్ సైకిలు చూపించాడు అమ్మేవాడు. “ఒక కిలో బరువు తక్కువ బాబూ” అన్నాడు. సరే, ఆ కిలో విలువ ఎంతో చూద్దాం. చదును రోడ్డుమీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి సైకిలు ఒక కిలో తగ్గితే టైరు రాపిడిలో మిగిలేది అర వాటు కూడా కాదు. నూటికి ఐదు వాలున్న ఎత్తు మీద 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంటే మాత్రం రెండు వాట్లు మిగులుతాయి. అంతే! ఆ అర వాటుకీ రెండు వాట్లకీ మా ఊళ్ళో జోడెద్దులు కొన్నా ఇంకా మిగిలేంత సొమ్ము పోయాలన్నమాట.

అసలు శత్రువు బరువు కాదు, గాలి. గాలి ఎదురు తోసే బలం వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. దాన్ని నెగ్గడానికి కావలసిన పవరు వేగపు ఘనాన్నిబట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలి కోసమే ఎనిమిది రెట్లు తొక్కాలి. ఆ గాలికి అడ్డుపడేది ముఖ్యంగా సైకిలు కాదు, దానిమీద కూర్చున్న మన ఒళ్ళే. మామూలు రోడ్డు సైకిలు మీద హ్యాండిల్ పైభాగం పట్టుకుని కూర్చున్నప్పుడు డ్రాగ్ ఏరియా 0.40 చదరపు మీటర్లు అనుకుందాం. ముంజేతులు ముందుకు ఆనించి, నడుము వంచి, తల దించితే అది 0.32కి దిగిందనుకుందాం. మన దక్కను ఎండలో గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.1 కిలోలు వేసుకుంటే, 30 కిలోమీటర్ల వేగం దగ్గర మొదటివాడు గాలికి 127 వాట్లు, రెండోవాడు 102 వాట్లు చెల్లిస్తారు. తేడా 25 వాట్లు. అదే శ్రమతో రెండోవాడు 32 కిలోమీటర్ల వేగం అందుకుంటాడు. 40 కిలోమీటర్ల దూరంలో ఐదు నిమిషాలు ముందుంటాడు. ఇవి నోటుబుక్కు లెక్కలే, మనిషి మనిషికీ మారతాయి. అయినా అర వాటు ఎక్కడ, పాతిక వాట్లు ఎక్కడ!

ఆ ముంజేతులు ఆనించే కడ్డీలకు ఖర్చు లక్షల్లో లేదు. మామూలు హ్యాండిల్‌కే బిగించుకోవచ్చు. వాటి మహిమ లోకానికి తెలిసింది 1989 టూర్ ద ఫ్రాన్స్ చివరిరోజున. వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్ల ఒంటరి పందెం. లోరాఁ ఫిన్యోఁ 50 సెకన్లు ముందున్నాడు. గ్రెగ్ లెమాండ్ ట్రయథ్లాన్‌వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్న ఆ కడ్డీలు బిగించుకుని, ఆ ఒక్కరోజే 58 సెకన్లు లాగి, మూడువేల పైచిలుకు కిలోమీటర్ల పోటీని ఎనిమిది సెకన్ల తేడాతో గెలిచాడు. ఇక్కడ ఒక చిన్న మాట. ఒలింపిక్స్ ట్రయథ్లాన్ టీవీలో చూసి అలాంటి సైకిలే కొనాలనుకోకండి. అక్కడ ఒకరి వెనక ఒకరు గుంపుగా పోవచ్చు. మన అమెచ్యూర్ పందాల్లో సాధారణంగా ముందున్నవాడి వెనక నక్కడం నిషేధం; ప్రతివాడూ తన గాలి తానే చీల్చుకోవాలి.

అయితే కడ్డీలు బిగించగానే పని అయిపోదు. అసలు చిక్కు కొలతల్లో ఉంది. మా ఊరి వడ్రంగి కాడి చెయ్యాలంటే ముందు ఎద్దు దగ్గరికి వచ్చి మూపురం చూసి, మెడ చూసి, రెండెద్దుల ఎత్తూ చూసేవాడు. కుదరని కాడి వేస్తే మెడ పుండవుతుంది, ఎద్దు సాలు సరిగ్గా తోలదు. ఎంత ఖరీదైన ఎద్దయినా అంతే. సైకిలుకీ అదే న్యాయం. ఫ్రేము కొనేముందు చూడవలసినవి రెండు కొలతలు. పెడల్స్ ఇరుసు మధ్యనుంచి హ్యాండిల్ గొట్టం పైఅంచుదాకా నిలువెత్తు ఎంత, అడ్డంగా దూరం ఎంత. మొదటిదాన్ని స్టాక్ అనీ, రెండోదాన్ని రీచ్ అనీ అంటారు. ఈ రెండూ ఒంటికి సరిపడకపోతే మంచిగా వంగడం కుదరదు. వంగినా గంటసేపు అలా ఉండలేం. ఉండలేనివాడికి ఆ పాతిక వాట్లు కాగితం మీదే మిగులుతాయి.

సీటు సంగతి కూడా చెప్పాలి. రోడ్డు సైకిలు సీటు గొట్టం 73 డిగ్రీల వాలులో ఉంటే, ట్రయథ్లాన్ సైకిలుది 76, 78 డిగ్రీలు, ఇంకా నిటారుగానూ ఉంటుంది. సీటు ముందుకు జరిగితే, నడుము వంచినా తొడ పొట్టకు గుద్దుకోదు. సైకిలు దిగగానే పరిగెత్తాలి కదా! రోడ్డు ఫ్రేములో సీటు పట్టాలమీద ముందుకు జరిపి, చిన్న స్టెమ్ వేసుకుంటే ఈ లాభం చాలావరకు దొరుకుతుంది.

ఇన్నీ చూసుకున్నాక నేను సైకిలు కొనలేదు, కట్టుకున్నాను. నా కాళ్ళకు సరిపడే పాత అల్యూమినియం ఫ్రేము, ఫోర్కుతో సహా 14 వేలు. వాడిన షిమానో సోరా గేర్ల సెట్టు 11 వేలు. ముప్పైరెండు స్పోకుల చక్రాలు 9 వేలు. 28 మిల్లీమీటర్ల టైర్లు, ట్యూబులు 4 వేలు. ముంజేతి కడ్డీలు మూడున్నర వేలు, సీటు ఒకటిన్నర వేలు, కేబుళ్ళూ బేరింగులూ టేపూ 2 వేలు. మొత్తం 45 వేలు. ఇందులో 25 వేలు రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి కూడబెట్టినవి. మిగతా 20 వేలు నాన్న మిర్చి డబ్బులోంచి ఇచ్చాడు. తోటకి తామర పురుగు తగిలిన యేడు అది. “ఏరా, దీంతో ఏమొస్తది? పాలిస్తదా, దున్నుతదా?” అని అడిగాడు. ఏమీ రాదు నాన్నా, ఎదురు ఎంట్రీ ఫీజు కట్టాలి అన్నాను. అబద్ధం చెప్పి తీసుకోవడం నాకు ఇష్టం లేదు. ఆయన కాసేపు ఊరుకుని, “తొక్కేవాడివి నువ్వేగా, నీకు కుదిరితే సరే” అన్నాడు. ఆ 20 వేలకు నేను జవాబుదారీని. కనుకనే ప్రతి రూపాయికీ ఎన్ని వాట్లు వస్తాయని అడగడం నాకు పిసినారితనం అనిపించదు.

సైకిలు విప్పి బిగించడంలో మన సిలబస్ ఎంత ఉందో చెబితే మాస్టార్లు సంతోషిస్తారు. మర తిప్పే బాటమ్ బ్రాకెట్లలో వాడుకైన ఇంగ్లీషు రకానికి కుడివైపు కప్పు మర ఎడమచేతి వాటం. అలాగే ఎడమ పెడల్ మర కూడా. తొక్కుతుంటే భారం తిరుగుతూ పోయి మామూలు మరను మెల్లగా వదులు చేస్తుందని ఆ ఏర్పాటు. అల్యూమినియం గొట్టంలో ఉక్కు బోల్టు గ్రీజు లేకుండా బిగిస్తే, మన చెమట ఉప్పే ఎలక్ట్రొలైట్ అయి, కొన్నాళ్ళకి ఊడిరాకుండా పట్టేస్తుంది. బండి ఇరుసుకి కందెన పెట్టినవాడికి ఈ సంగతి కెమిస్ట్రీ లేకుండానే తెలుసు! స్పోకులు అటు పావు, ఇటు పావు తిప్పి రిమ్ము బెండు తీయడం నేర్చుకోవడానికి మాత్రం నాకు మూడు ఆదివారాలు పట్టింది. మన గేటు ఎదుట పంక్చర్లు వేసే తాత పావుగంటలో తీస్తాడు. ఆయన్ని మన వర్క్‌షాపు డెమాన్‌స్ట్రేటర్‌గా పెట్టుకోవచ్చని నా గట్టి నమ్మకం.

ఖరీదైన సైకిళ్ళలో ఏమీ లేదని నేను అనడం లేదు. 40 కిలోమీటర్ల పైన వేగంతో గంటలకొద్దీ పోయేవాళ్ళకి లోతు రిమ్ములూ, గాలికి చెక్కిన ఫ్రేములూ నిమిషాలు మిగులుస్తాయి. కానీ మనలో ఎంతమంది ఆ వేగంతో పోతారు? గుంతల రోడ్డుమీద సన్న టైరుకి గాలి బిర్రుగా కొట్టించుకుని ఎగిరెగిరి పడేవాడికంటే, 28 మిల్లీమీటర్ల టైరులో గాలి కొంచెం తగ్గించినవాడే ముందు పోతాడు.

స్థలం లేదనడానికీ వీల్లేదు. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా ప్రాంగణంలో వెలోడ్రోమ్ కట్టారు. 2023లో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన, పైన సోలార్ పలకల నీడతో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. దారులు ఉన్నాయి, తొక్కేవాళ్ళకి సైకిళ్ళు లేవు.

అందుకని మన యూనియన్ కొత్త కార్యవర్గాన్ని నేను అడిగేది ఇది. ఒక ఖరీదైన సైకిలు కొని అద్దాల బీరువాలో పెట్టవద్దు. చిన్న సైజుది ఒకటి, పెద్ద సైజుది ఒకటి, రెండు అల్యూమినియం ఫ్రేములు కొనండి. చిన్నది లేకపోతే ఆడపిల్లల్లో చాలామందికి ఈ ఆట తలుపు మూసినట్టే. ఒక స్టాండు, రిమ్ము బెండు చూసే చట్రం, టార్క్ రెంచి, పానాలు వ్యాయామ విభాగం పక్క గదిలో పెట్టించండి. తాళంచెవి హాస్టల్‌లో ఉంచి, ఎవరు తీసుకున్నదీ పుస్తకంలో రాయించండి. వార్షికోత్సవం రాత్రి మైకులకీ లైట్లకీ అయ్యే ఖర్చులో కొంత మళ్ళిస్తే ఇది అయిపోతుంది. కట్టడం నేర్పడానికి పరీక్షల దాకా ప్రతి ఆదివారం పొద్దున్న నేను వస్తాను. కానీ ఫ్రేములు ఆర్డరిచ్చే ముందు చేరదలచినవాళ్ళ కాళ్ళూ చేతులూ కొలవాలి. టేపు నా దగ్గరుంది. రెండో అంతస్తులో నా గదికి సాయంత్రం ఆరు తర్వాత ఎవరైనా రావచ్చు.