పాయింట్లు అతిథివి, లెక్క హోటల్‌ది

2020 ఏప్రిల్. ప్రపంచమంతా తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చుంది. హోటళ్ల లాబీల్లో దీపాలు తప్ప మనుషులు లేరు. సరిగ్గా ఆ నెలలోనే హిల్టన్‌ సంస్థ వంద కోట్ల డాలర్ల సరుకు అమ్మింది. గదులు అమ్మలేదు, భవనాలూ అమ్మలేదు. ‘హిల్టన్‌ ఆనర్స్‌’ సభ్యత్వ పాయింట్లు అమ్మింది. తన కార్డుదారులకు ఎలాగూ పంచాల్సినవే కదా అని అమెరికన్‌ ఎక్స్‌ప్రెస్‌ వాటిని ముందుగానే టోకున కొనేసింది. మరుసటి నెలలో మారియట్‌ అదే బాట పట్టి, తన పేరిట కార్డులిచ్చే రెండు సంస్థల నుంచి 92 కోట్ల డాలర్లు రాబట్టింది. గదిలో పడుకునేవాడు లేకపోయినా పాయింటుకు గిరాకీ పోలేదు.

హోటల్‌ సభ్యత్వాన్ని తరచూ వచ్చే అతిథికి చేసే మర్యాదగా భావించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సంస్థ తనకు తాను అచ్చువేసుకునే నోటు పాయింటు. ఎన్ని అచ్చు వేయాలో, ఒక్కోటి ఎంతకు చెల్లాలో చెప్పడానికి దానికో రిజర్వు బ్యాంకు లేదు.

ఈ ఆట మొదలుపెట్టింది విమాన సంస్థలు. 1981లో అమెరికన్‌ ఎయిర్‌లైన్స్‌ మైళ్ల లెక్క తెచ్చింది. రెండేళ్లకే హాలిడే ఇన్‌, మారియట్‌ రాత్రుల లెక్క మొదలుపెట్టాయి. 1987లో హిల్టన్‌ చేరింది. ఇప్పుడు మారియట్‌ బోన్‌వాయ్‌ సభ్యులే 20 కోట్లు దాటారు.

నిజానికి ఈ పెద్ద పేర్లకు సొంత భవనాలు చాలా తక్కువ. హైదరాబాద్‌ మైండ్‌స్పేస్‌లోని వెస్టిన్‌ మీద ఉన్నది మారియట్‌ బ్రాండు. ఆస్తి మాత్రం షాలే హోటల్స్‌ది. విశాఖ బీచ్‌ రోడ్డులోని నోవోటెల్‌ అకోర్‌ పేరుతో నడుస్తుంది. కట్టింది వరుణ్‌ గ్రూపు. సభ్యుడు అక్కడ బస చేసినప్పుడల్లా అతడి బిల్లులో కొంత శాతాన్ని హోటల్‌ యజమాని బ్రాండు వారి పాయింట్ల నిధికి కట్టాలి. కార్డు మీద ఇచ్చే పాయింట్లకు బ్యాంకు డబ్బు కడుతుంది. ఇక ప్లాటినం హోదా ఉన్న సభ్యుడి పళ్లెంలోని పెసరట్టు సంగతి చూసుకోవాల్సింది వంటగదిలోని మనిషి. మర్యాద పేరు బ్రాండుది, ఖర్చూ చాకిరీ ఇతరులవి.

చెక్‌ఇన్‌ కౌంటర్‌ దగ్గర నిలబడితే ఈ వ్యవస్థ అసలు రుచి తెలుస్తుంది. మారియట్‌లో ఏడాదికి 10 రాత్రులు గడిపితే సిల్వర్‌, 25కి గోల్డ్‌, 50కి ప్లాటినం, 75కి టైటానియం. వంద రాత్రులతో పాటు 23 వేల డాలర్లూ ఖర్చు పెట్టినవారికి అంబాసిడర్‌ హోదా. డిసెంబరు వచ్చేసరికి లెక్కకు రెండు మూడు రాత్రులు తక్కువైతే, సొంత ఇల్లున్న ఊళ్లోనే హోటల్‌ గది తీసుకుని పడుకునే సభ్యులున్నారు. దానికి ‘మ్యాట్రెస్‌ రన్‌’ అని ఓ పేరు కూడా ఉంది. ఇంటి పరుపు ఏం పాపం చేసిందో!

అంత కష్టపడి సంపాదించిన హోదాకు దక్కేదేమిటి? ఖాళీ ఉంటే పెద్ద గది, వీలుంటే గదిని ఆలస్యంగా ఖాళీ చేసే సౌకర్యం, హోటల్‌వారి ఇష్టాన్ని బట్టి ఓ పళ్ల బుట్ట. ‘ఖాళీని బట్టి’ అన్న మాటలోనే కిటుకంతా ఉంది. ఖాళీ ఉందో లేదో చెప్పేది కౌంటర్‌ వెనకున్న కంప్యూటరు. అల్పాహారం దగ్గరా బ్రాండుకో పద్ధతి, దేశానికో పద్ధతి. మన నగరాల్లో ఇడ్లీ, వడ, ఆమ్లెట్‌తో నిండుగా బఫే తినే సభ్యుడు, అమెరికాలో అదే సంస్థకు చెందిన మరో బ్రాండు హోటల్‌కు వెళితే పది డాలర్ల కూపన్‌తో సరిపెట్టుకోవాల్సి రావచ్చు. హోదా ఒకటే, పళ్లెమే వేరు.

పైగా ఇప్పుడు హోదా కోసం రాత్రులే గడపనక్కర్లేదు. అమెరికాలో ఒక ఖరీదైన కార్డు తీసుకుంటే హిల్టన్‌లోనూ మారియట్‌లోనూ గోల్డ్‌ వచ్చేస్తుంది. మన దగ్గర 2023లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు తెచ్చిన మారియట్‌ కార్డుతో సిల్వర్‌ వస్తుంది. అందరూ అందలమెక్కితే మోసేదెవరన్నది పాత సామెత. ఇక్కడ అందలాలు అమ్ముకునేవారు ఒకరు, మోయాల్సినవారు మరొకరు కాబట్టి, ‘ఖాళీ లేదండీ’ అన్న జవాబు తరచూ వినపడుతోంది.

ఈ లోకాన్ని లోపలి నుంచి ఎరిగినవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. అమెరికాలో కన్సల్టింగ్‌ ఉద్యోగమంటే చాలామందికి సోమవారం ఉదయం విమానం, గురువారం రాత్రి తిరుగు ప్రయాణం. వారానికి మూడు రాత్రులు హోటల్లో. బిల్లు కట్టేది క్లయింటో కంపెనీయో. పాయింట్లు చేరేది ఉద్యోగి ఖాతాలో. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు నయాగరా దగ్గర రెండు రాత్రులు, పిల్లల సెలవుల్లో హవాయి: ఇవన్నీ ఆ పాయింట్ల చలవే. కుటుంబానికి దూరంగా గడిపిన రాత్రులకు కుటుంబానికే అందే పరిహారమది. దాన్ని తప్పు పట్టడం కష్టం.

కానీ ఆ పాయింట్లు ఎవరివన్న ప్రశ్న చిన్నది కాదు. 2002లో జర్మనీలో బెర్లిన్‌ రాష్ట్ర మంత్రి గ్రెగోర్‌ గీజీ, అధికారిక ప్రయాణాల్లో వచ్చిన విమాన మైళ్లను సొంతానికి వాడుకున్నందుకు పదవి వదులుకున్నారు. అదే ఏడాది అమెరికా ఆదాయపు పన్ను శాఖ, పని మీద తిరిగి సంపాదించిన మైళ్లను సొంతానికి వాడుకున్నా పన్ను కోసం వెంటపడబోమని ప్రకటించింది. మన కేంద్ర ఆర్థిక శాఖ మాత్రం అధికారిక విమాన టికెట్లపై వచ్చిన మైళ్లు శాఖ పనికే వాడాలని, సొంతానికి వాడితే చర్య తప్పదని ఉద్యోగులకు చెప్పింది. ఒకే వస్తువు ఒకచోట లంచం వాసన వేస్తుంది, మరోచోట జీతంలో భాగమవుతుంది.

అసలు అన్యాయం మాత్రం విలువ దగ్గర ఉంది. అమీర్‌పేట మెస్‌లో నెలకు సరిపడా కూపన్ల పుస్తకం కొన్న కుర్రాడికి ఒక ధీమా ఉంటుంది: ఒక కూపన్‌కు ఒక భోజనం. మధ్యలో ఉల్లిపాయల ధర పెరిగినా సరే, ఒక్క భోజనానికి రెండు కూపన్లు చించమని ఓనరు అడిగితే మెస్‌లో గొడవే. మారియట్‌ సరిగ్గా ఆ పనే చట్టబద్ధంగా చేసింది. ఏ హోటల్‌కు ఎన్ని పాయింట్లో చెప్పే పట్టికను 2022లో తీసేసింది. గది అద్దె పెరిగినట్టే ఇప్పుడు పాయింట్ల ధరా రోజుకో రకంగా మారుతుంది. హిల్టన్‌ అంతకు ముందే ఆ దారిలో వెళ్లింది. ఏళ్ల తరబడి కూడబెట్టినవారి నిల్వ అంకె మారలేదు, అది కొనగలిగే రాత్రులే తగ్గాయి. వాడకుండా ఊరుకుంటే అంకె కూడా మిగలదు: ఈ రెండు సంస్థల్లోనూ 24 నెలలు ఖాతాలో కదలిక లేకపోతే పాయింట్లు మురిగిపోతాయి.

సభ్యుడు ఇచ్చేది డబ్బొక్కటే కాదు. పేరు, ఫోను, పుట్టినరోజు, పాస్‌పోర్టు నంబరు, ఎప్పుడు ఎక్కడున్నాడన్న వివరం... అన్నీ ఇస్తాడు. 2016లో మారియట్‌ కొనుక్కున్న స్టార్‌వుడ్‌ హోటళ్ల సంస్థ డేటాబేస్‌లోకి 2014 నుంచే దొంగలు దూరి ఉన్నారని 2018 నవంబరులో బయటపడింది. రక్షణ లేకుండా ఉన్న పాస్‌పోర్టు నంబర్లే 50 లక్షలకు పైగా వారి చేతికి చిక్కాయి. బ్రిటన్‌ నియంత్రణ సంస్థ 2020లో 1.84 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. ఆ సొమ్ము సర్కారుకు వెళ్లింది, సభ్యుల ఖాతాల్లోకి కాదు.

కాబట్టి కనీసం మూడు పనులు జరగాలి. పాయింట్ల ధర పెంచే ముందు ఆరు నెలల గడువివ్వాలి. అప్పటికే ఖాతాలో ఉన్నవి పాత లెక్కకే చెల్లాలి. పట్టిక బయట పెట్టాలి. ఇవేమీ అసాధ్యమైనవి కావు: హయత్‌ ఇప్పటికీ పట్టిక నడుపుతోంది, తాజ్‌ హోటళ్లలో చెల్లే టాటా న్యూ కాయిన్‌కు రూపాయి విలువని ముందే చెప్పేశారు. వినియోగదారుల రక్షణ చట్టం–2019లో ‘అన్యాయమైన ఒప్పందం’ అనే మాటకు నిర్వచనం ఉంది. ‘చెప్పి గానీ చెప్పకుండా గానీ మార్చే హక్కు మాదే’ అనే సభ్యత్వ షరతు ఆ నిర్వచనం కిందికి వస్తుందో రాదో వినియోగదారుల కమిషన్ల ముందు తేలాలి.

అందాకా డల్లాస్‌లోనో డెట్రాయిట్‌లోనో గురువారం సాయంత్రం సూట్‌కేసు సర్దుకుంటున్న కన్సల్టెంటు చేయగలిగింది ఒకటుంది. ఎప్పుడో పదేళ్లకు హవాయి వెళ్దామని దాచే పాయింట్లతో, ఈ వేసవిలో వచ్చే అమ్మానాన్నకు ఇప్పుడే గది బుక్‌ చేసేయడం.