టీ కొట్టుకు ఎవరు దిక్కు?

కరోనా నాటి ఆంక్షల గురించి చాలామంది చాలా రాశారు. ఆసుపత్రుల గురించి, ఆన్‌లైన్ పాఠాల గురించి, కాలినడకన ఊళ్ళకు బయలుదేరిన కూలీల గురించి రాశారు. రాయవలసిందే. కాని కాలేజీ గేటు ఎదుటి టీ కొట్టు, జిరాక్సు షాపు, మెస్సు, సాయంత్రం పూట బజ్జీల బండి ఏమయ్యాయో అడిగినవారు బహు తక్కువ. రోజూ చూసే మనుషులు కనుకనే కాబోలు, మన కంటికి ఆనరు!

ఆంక్షలే వద్దనడం నా వాదం కాదు. 2020 ఏప్రిల్, మే నెలల్లో నరసరావుపేట ఎలా ఉండిందో ఈ ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. ప్రాణం కంటే బేరం ఎక్కువని ఎవరంటారు? నేననేది ఒక్కటే. అందరి మేలు కోసం మూసిన కొట్టు తాలూకు నష్టాన్ని కొట్టువాడొక్కడే మొయ్యడం ఏం న్యాయం?

బస్సు, లారీ, కాలేజీ కదిలితేనే పల్నాటి చిన్న కొట్టుకు బేరం. మాచర్లలో రైలు దిగినవాడు, పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గర ఆగిన లారీ డ్రైవరు, గురజాలకు కోర్టు పనిమీద వచ్చిన రైతు, హాస్టలు కుర్రాడు — వీళ్ళే దానికి పెట్టుబడి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. మన రాష్ట్రంలో కాలేజీలు మళ్ళీ తెరిచింది నవంబరులో, అదీ విడతలవారీగా. అంతవరకు ఆ కొట్టు అద్దె ఎవరు కట్టినట్టు?

ఇంకో చిత్రం చూడండి. 2020 మే 4న మన రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరిచారు. అవి అప్పట్లో సర్కారువారు స్వయంగా నడిపినవే. మొదట 25 శాతం, మర్నాడు మరో 50 శాతం ధర పెంచినా క్యూలు తరగలేదు. హోటల్లో కూర్చుని ఇడ్లీ తినడానికి మాత్రం దేశంలో ఎక్కడైనా సరే జూన్ 8 దాకా ఆగాల్సి వచ్చింది. సీసాకు లేని అంటు టీ గ్లాసుకు ఎలా వచ్చిందో ఏలినవారే చెప్పాలి!

2021 మే 5 నుంచి పెట్టిన కర్ఫ్యూ మరీ విడ్డూరం. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకా కొట్లు తెరుచుకోవచ్చన్నారు. కిరాణా షాపుకు అది అనుమతే. బజ్జీల బండికో? పొద్దున్నే మిరపకాయ బజ్జీ ఎవడు తింటాడు స్వామీ! వాడి మూకుడు పొయ్యెక్కేదే సాయంత్రం నాలుగింటికి. కాగితం మీద వాడూ తెరిచినవాడే, ఇంట్లో మాత్రం పొయ్యి వెలగలేదు.

పోనీ, సాయం అందిందా అంటే, అందింది. కాని ఎవరికి? రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో వాయిదాల మారటోరియం ప్రకటించింది. అది బ్యాంకు బాకీకి, ఫైనాన్స్ కంపెనీ బాకీకి వర్తిస్తుంది. రోజూ సాయంత్రం చేతి పుస్తకం పట్టుకుని వచ్చే వడ్డీ వ్యాపారికి రిజర్వు బ్యాంకుతో పనేముంది? మే నెలలో చిన్న పరిశ్రమలకు 3 లక్షల కోట్ల రూపాయల హామీ రుణాలన్నారు. అదివరకే బాకీ ఉన్నవారికే అవి కూడా. అంటే అప్పు పుట్టినవాడికే అప్పు! జూన్ 1న వచ్చిన స్వనిధి పట్టణాల్లో అమ్ముకునేవారిది. పల్లె కొట్టుదాకా వచ్చినది ఆ ఏడు నవంబరు 25న మొదలైన జగనన్న తోడు, వడ్డీ లేని పది వేల రూపాయలు. మెచ్చుకోదగ్గ పనే, కాదనను. అయితే అదీ అప్పే, అదీ ఎనిమిది నెలల తర్వాత.

ఇంగ్లండులో పల్లె పబ్బు అంటే మన రచ్చబండా, టీ కొట్టూ కలిసినట్టుంటుంది. 2020 మార్చి 20న అక్కడ పబ్బులు మూసేశారు. చిన్న పబ్బులకు పది వేల పౌండ్లు గ్రాంటుగా ఇచ్చారు. పనివాళ్ళ జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా, ప్రభుత్వమే భరించింది. వాళ్ళ ఖజానాతో మనకు పోలికేమిటనవచ్చు. నిజమే, అంకెలు పోల్చవద్దు. కాని మూయించినవాడే పరిహారం ఇవ్వాలన్న సూత్రానికి ఖజానాతో పనేముంది? అక్కడ ఇచ్చింది గ్రాంటు, ఇక్కడ ఇచ్చింది అప్పు.

సంతలో ఆశీలు వసూలు చేసేటప్పుడు ప్రతి బండీ, ప్రతి గంపా లెక్కకొస్తుంది. సాయం చేసేటప్పుడు మాత్రం కాగితమేదీ అంటారు! వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది. పట్టణ కమిటీలో వారికి 40 శాతానికి తగ్గకుండా చోటివ్వాలంది. అది పట్టణాలకే. పంచాయతీలో కొట్టు పెట్టుకున్నవాడికి అదీ లేదు. ప్రతి పంచాయతీలో చిన్న కొట్లకూ బండ్లకూ ఒక పట్టీ ఉండాలి. సర్కారు ఉత్తర్వుతో మూసిన ప్రతి రోజుకూ, ఉపాధి హామీ కూలి రేటుకు తగ్గకుండా, ఆ పట్టీలో ఉన్నవాడికి పరిహారం రావాలి. పట్టీ తయారుచేసే పని మన ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులకు అప్పగించినా నెల రోజుల్లో పూర్తి చేస్తారు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. 2020 మార్చిలో ఉన్నట్టుండి సెలవులిచ్చినప్పుడు మెస్సులోనూ టీ కొట్టులోనూ లెక్క తీర్చకుండానే ఊళ్ళకు పోయినవారున్నారు. ఆ ఖాతా పుస్తకాలు కొన్ని ఇంకా ఉన్నాయి. ఈసారి ఇటు వచ్చినప్పుడు ఒకసారి అడగండి.