గృహవిజ్ఞానము: నీటి చెంత దీపము



ఉద్దానపు తీరమునుండి యొక సోదరి యిట్లు వ్రాసినారు: "మా నూతిగట్టు మీది ఎల్.ఇ.డి. బల్బు మూడు మాసములైనను నిలుచుట లేదు. అదే కంపెనీ బల్బు వంటయింటిలో మూడేండ్లుగా వెలుగుచున్నది. ఎట్టి దీపము కొనవలెను?" ప్రశ్న చిన్నదే. కాని యిది మనము తడిబట్టలతో నీరు తోడుకొను చోటికి సంబంధించినది గావున, ఈ మాసము దీనినే విచారింతము.

బల్బు చెడ్డది కాదు, చోటు వేరు. 2014వ సంవత్సరమున ప్రభుత్వము ఎల్.ఇ.డి. బల్బులను మొదట నాలుగు జిల్లాలలో పంచగా, అందు శ్రీకాకుళ మొకటి. అరువది వాట్ల పాత బల్బు తీసి యేడు వాట్ల దానిని తగిలించుట మన యిండ్లలో నప్పటినుండియే వాడుకైనది. అది గదిలో వెలుగుటకు చేసిన బల్బు. దాని మెడలో చిన్న విద్యుత్పరికరముల కూర్పు కలదు. తరచుగా ముందు చెడునది యా కూర్పే. వేడిమియు, చెమ్మయు దానికి శత్రువులు. నువ్వలరేవు, భావనపాడు, బారువ వంటి చోట్ల గాలిలో నుప్పు కూడ నుండును. ఉప్పు చెమ్మను విడువదు. హోల్డరులోని యిత్తడి ముక్కలు పచ్చబడి, అంటు సడలి, సడలిన చోట వేడెక్కును. టెక్కలి వీథిలో చాలకాలము నిలుచు హోల్డరు తీరపు పల్లెలో త్వరగా పాడగుట కిదియే కారణము. వాన పడకుండునని కొందరు మామూలు బల్బును గాజు బుడ్డిలో బిగింతురు. అప్పుడు వేడిమి వెలికి పోలేక బల్బు మరింత త్వరగా పోవును.

బయటి గోడకు బిగించుటకై ప్రత్యేకముగా చేసిన మూత దీపములు దొరకును. పెట్టెపై 'ఐ.పి.' యను నక్షరములును, వాని ప్రక్క రెండంకెలును చూడుడు. మొదటిది దుమ్మును గూర్చి, రెండవది నీటిని గూర్చి. రెండవ యంకె 4 అయినచో చిందిన నీటికి, 5 అయినచో గొట్టముతో కొట్టిన నీటికి, 7 అయినచో మీటరు లోతున నరగంట మునుగుటకు తట్టుకొనును. 8 నిత్యము నీటిలో నుండు దీపములది. స్నానపుగది కప్పునకు 44, నూతిగట్టునకు 65 చాలును. అంకెలే లేనిదానిని అంగడివా డెంత పొగడినను బయట బిగింపరాదు. తీరమున లోహపుదానికంటె గట్టి ప్లాస్టికు పెట్టె మేలు. తీగ దీపములోనికి క్రిందినుండి పోవలెను. పోవుటకు ముందు కొంచెము వ్రేలాడు వంపు నుంచినచో వాననీ రా వంపునుండి కారిపోవును. పనివారు దీనిని తరచు మరతురు, దగ్గర నుండి చెప్పి చేయించుకొనుడు.

దీపము నీటిలోపలనే యున్నచో? పట్టణపు హోటళ్లలోను, కొన్ని తోటయిండ్లలోను నీతకొలనులు కలవు. అక్కడ 230 వోల్టుల కరెంటును నీటిలోనికి పోనీయరాదు. కొలనికి దూరమున ట్రాన్స్‌ఫార్మరు నుంచి, 12 వోల్టులకు దించి పంపవలెను. దీపముండు గూటిలో తీగ చుట్టలుగా నుండును. కావున మార్చునపుడు నీరు తోడి పారబోయ నక్కరలేదు. కరెంటు ఆపి, మర విప్పి, దీపమును గట్టుమీదికి లాగవచ్చును. రబ్బరు పట్టీని మాత్రము క్రొత్తది వేయవలెను. పాతదానితో కాసులు మిగుల్చుకొన్నవారికి కొలదిదినములలో నద్దము వెనుక నీరు కనబడును. నూతిగట్టునకు గూడ 12 వోల్టుల దీపములు కలవు. పిల్లలున్న యింట నేను వానినే కోరుదును.

ఇక ప్రాణములకు సంబంధించిన మాట. స్విచ్చి ఆర్పినంతనే హోల్డరులో కరెంటు లేదని నమ్మరాదు. స్విచ్చిని ఫేజు తీగకు గాక న్యూట్రలు తీగకు తగిలించిన యిండ్లు కలవు. అట్టిచోట బల్బారును గాని హోల్డరులో కరెంటు నిలిచియే యుండును. ఆర్పిన పిదప రాత్రివేళ ఎల్.ఇ.డి. బల్బు మినుకుమినుకు మనినచో, అత్తగారు గాలిచేష్ట యనవచ్చును. స్విచ్చిలోని యెర్ర గుర్తుదీపము వలన నట్లగుటయు కలదు. కాని యా తీగల లోపము కూడ నుండవచ్చును గావున ఎలక్ట్రీషియనుకు చూపుడు. బల్బు మార్చునపుడు మెయిను ఆపి, చేతులు తుడుచుకొని, చెప్పులు తొడిగి, పొడి చెక్కపీటపై నిలువుడు. తడిసిన చర్మము కరెంటును సులభముగా పోనిచ్చును. మోటారుకును బయటి దీపములకును 30 మిల్లీ ఆంపియరుల ఆర్.సి.సి.బి. పెట్టించినచో, కరెంటు దారి తప్పి మనిషిగుండ భూమిలోనికి పోవునంతలో నది తెగిపోవును. దీని వెల దీపము వెలకు పలురెట్లు. ఇంటాయన సందేహించినచో నీ భాగమును చదివి వినిపింపుడు.

రంగు విషయమున, పెట్టెపై 6500 కె. యనియున్నది నీలి తెలుపు, 2700 కె. పసుపు. పసుపు వెలుతురునకు పురుగులు తక్కువగా వచ్చును, నూతిలో తక్కువగా రాలును. సముద్రము కనబడు పెరటిలో దీపమునకు క్రిందికి వంచిన రేకు మూత పెట్టుడు. మన తీరపు టిసుకలో గ్రుడ్లు పెట్టు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల పిల్లలు తెల్లని వెలుతురు చూచి, సముద్రమని భ్రమించి యూరివైపు ప్రాకును.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినపుడు కరెంటు లేక గడపిన దినములు మీకు జ్ఞాపక ముండును. అట్టి సమయమున కరెంటు మరల వచ్చుటకు ముందే మెయిను ఆపి, బయటి దీపముల మూతలు విప్పి చూడుడు. లోపల నీరున్నచో, ఆరబెట్టి, ఎలక్ట్రీషియను చూచి పోవువరకు ఆ లైను ఎం.సి.బి.ని దించియే యుంచుడు.