సగ్గుబియ్యమునకు పీట, కర్రపెండలమునకు పెరడు

ఏకాదశినాడు సగ్గుబియ్యపు పాయసమును భక్తితో ఆరగించి, మరునాడు అంగడిలో కర్రపెండలపు దుంపను చూచి "ఇది కరవునాటి కూడు" అని మొగము త్రిప్పుకొను ఇండ్లు మనలో పెక్కు కలవు. ఆ పాయసము ఈ దుంప బిడ్డయే. ఒక కంట వెన్నయు, ఒక కంట సున్నమును పెట్టు ఈ మర్యాదను మేము ఒప్పుకొనజాలము.

సగ్గుబియ్యమను పేరే మనలను భ్రమపెట్టినది. మలయా ప్రాంతమున ఒక తాటిజాతి చెట్టు బోదెనుండి తీయు పిండికి 'సాగు' అని పేరు. ఆ పేరే మన దేశమున కర్రపెండలపు పిండి గుళికలకు అంటుకొన్నది. దుంపను ఒలిచి, తురిమి, నీటితో పిండి, వడగట్టి, ఆ పాలను తేరనిచ్చి, అడుగున దిగిన పిండిని గుళికలు చేసి, వేడిమి చూపి ఎండబెట్టుదురు. తమిళనాట సేలము, నామక్కల్ సీమలును, ఆంధ్రమున సామర్లకోట, పెద్దాపురము ప్రాంతములును ఈ పనికి పేరుగన్నవి. తమిళులు జవ్వరిసి యనినను, మహారాష్ట్రులు సాబూదాణా యనినను వస్తువొక్కటే.

"ఇది మన పూర్వుల పంట కాదు" అని కొందరి ఆక్షేపణ. నిజమే. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అట్లయినచో ఉపవాసపు పాయసమును ఏ శాస్త్రముతో సమర్థింతురు? మిరపకాయయు అమెరికా ఖండములనుండి వచ్చినదే. అది లేని ఆవకాయను తెలుగువాడు ఊహింపగలడా? తరతరములుగా పరసీమలలో వేరూని బ్రతుకుచున్న మనమే, వచ్చి నిలిచినదానిని పరాయిదని తరుముట తగునా?

"పేదల తిండి" అనునది రెండవ ఆక్షేపణ. తిరువాన్కూరును 1880 నుండి 1885 వరకు ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు ఈ పంటను ప్రోత్సహించెను. 1942లో బర్మా జపానువారి వశమై, అచటి బియ్యము రాక నిలిచినపుడు, ఆ సీమలో ఎందరి ఆకలినో ఈ దుంపయే తీర్చినది. కేరళీయులు నేటికిని దీనిని చేపలకూరతో ఇష్టముగా భుజింతురు. ప్రాణము నిలిపినదానిని తినుట వారికి చిన్నతనము కాలేదు. మనకేల కావలెను?

అంతమాత్రమున దీనిని సర్వగుణసంపన్నమని పొగడువారితోను మాకు పొత్తు లేదు. ఇందు పిండిపదార్థమే మెండు. మాంసకృత్తులు మిక్కిలి కొరత. కావున పప్పో, చేపయో, వేరుసెనగయో తోడుండవలెను. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. ఈ మొక్క ఆకులలోను, దుంపలోను సయనైడు విషమును పుట్టించు పదార్థమున్నది. చేదు రకములలో అది హెచ్చు. పచ్చిదుంపను ఎన్నడును తినరాదు. పైతొక్కతోబాటు లోపలి మందపు పొరనుకూడ ఒలిచి, ముక్కలు కోసి, పుష్కలమైన నీటిలో మూతపెట్టక బాగుగా ఉడికించి, ఆ నీటిని పారబోసి, పిదపనే తాలింపు వేయవలెను. దక్షిణ అమెరికా ఆదివాసులు ప్రయోగశాలలు లేని కాలముననే చేదుదుంపను తురిమి, రసమును పిండివేసి, కాల్చి నిర్విషము చేసికొనిరి. వంట యనగా రుచి యొక్కటే కాదు, అనుభవముతో గడించిన శాస్త్రముకూడ.

మా వాదమున కిదియే ఆయువుపట్టు. దుంపను ఛీకొట్టిన ఇంట ఈ తెలివియు నశించును. రేపు మనుమరాలు ఎవరి ఇంటనో రుచి చూచి, సరదాపడి దుంపను కొనితెచ్చిన నాడు, "నీరు పారబోయుము తల్లీ" అని చెప్పు అమ్మమ్మ ఎచ్చటనుండి వచ్చును? తిండిని ఏవగించుకొన్నవారు తెలియకయే దానిని వండు నేర్పునుకూడ పాతిపెట్టుచున్నారు.

కావున మనవారికి మేము చెప్పునది స్వల్పము. ఏకాదశికి పాయసము వండుడు, వలదనము. మరియొకనాడు కర్రపెండలమునుకూడ పీటవద్దకు రానిండు. వండునపుడు పిల్లలను పొయ్యిచెంతకు పిలిచి, ఆ నీటిని ఏల పారబోయుచున్నారో మన తెలుగు మాటలలో వారికి చెప్పుడు.