గాలిమర

ఇరవై ఏళ్ళుగా సంధులూ సమాసాలూ చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. యంత్రాల జోలికి పోయే అలవాటు లేదు. అయినా ఈ వారం పడవ మోటారు గురించి రాయవలసి వచ్చింది. కారణం చివర మనవి చేసుకుంటాను.

మొన్న సంక్రాంతి సెలవులకు నర్సాపురం అత్తవారింటికి వెళ్ళాను. మా బావమరిదికి ఒక చిన్న పడవా, దాని వెనక తగిలించే పెట్రోలు మోటారూ వున్నాయి. నన్నూ, మా చిన్నమ్మాయినీ వశిష్ఠ మీదుగా అంతర్వేది తీసుకువెళతానన్నాడు. మోటారు చూసే కుర్రాడు కూడా వచ్చాడు. సగం దూరం పోయాక మోటారు రెండు దగ్గులు దగ్గి వూరుకుంది. అది ఆటు సమయం. ఏటి నీరంతా సముద్రం వైపు లాగుతోంది. పడవలో వున్నది ఒక్కటే తెడ్డు. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీళ్ళు కలిసిన పెట్రోలు పట్టుకొచ్చావురా!" అని బావమరిది కుర్రాడి మీద విరుచుకుపడ్డాడు. వాడు నోరు మెదపలేదు. ట్యాంకుకూ మోటారుకూ మధ్య గొట్టంలో ఒక రబ్బరు బుడ్డి వుంటుంది. అది అప్పడంలా అణిగిపోయి వుంది. దాన్ని చూడగానే ట్యాంకు మూత మీది చిన్న మర వదులు చేశాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. బుడ్డి ఉబ్బింది. నాలుగుసార్లు నొక్కి తాడు లాగేసరికి మోటారు అందుకుంది.

తిరుగు ప్రయాణంలో వాడిచేత పాఠం చెప్పించుకున్నాను. పెట్రోలు బయటికి పోవాలంటే ఆ చోటికి గాలి రావాలి. బుడ్డి అణిగిపోతే అడ్డు ట్యాంకు వైపు వున్నట్టు. ట్యాంకులో పెట్రోలు వుండీ ఎంత నొక్కినా గట్టిపడకపోతే గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బుడ్డిలోని కవాటం చెడింది. నొక్కుతున్నంతసేపూ నడిచి, మానగానే ఆగితే పెట్రోలు పంపును అనుమానించాలి. చోకు లాగితేనే నడుస్తానని మొరాయిస్తే కార్బురేటరులోని సన్నని రంధ్రం పూడి వుంటుంది.

బావమరిది అనుమానమూ పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో నూటికి 20 వంతుల దాకా ఎథనాల్ వుంటోంది. దానికి తేమను పీల్చే గుణం వుంది. నీరు మితిమీరితే రెండూ కలిసి అడుగుకు దిగిపోతాయి. ట్యాంకులోని గొట్టం తాగేది అడుగునుంచే గదా! కాస్త గాజు సీసాలో పట్టి కదపకుండా వుంచితే ఆ పొర కంటికి కనబడుతుంది. ఇక నెలల తరబడి నిలవ వున్న పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. అందుకే మోటారును దాచేముందు, ఇంజను చల్లారాక, బీడీలకూ దీపాలకూ దూరంగా, కార్బురేటరు గిన్నె అడుగు మర తీసి ఖాళీ చెయ్యాలి.

అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లో ఇలాంటి మోటార్ల వ్యాపారం మొదలుపెట్టాడు. మనసిచ్చిన పిల్లకు ఐస్‌క్రీం తేవడానికి ఎండలో తెడ్లు వేసివేసి, అది కరిగిపోతుంటే ఆయనకీ ఆలోచన పుట్టిందని చెప్పుకుంటారు.

ఇక మనవి. ఆ గాలిమర బిగించింది నేనే. రేవులో పెట్రోలు వాసన పడక, ఎవరూ చూడకుండా తిప్పేశాను. కుర్రాడు తిట్లు తింటున్నప్పుడు చెప్పలేదు. పాఠం చెప్పించుకుంటున్నప్పుడూ చెప్పలేదు. "కుదుపులకి బిగుసుకుపోయుంటదండి" అని వాడే సర్దేశాడు. కుదుపులకు మరలు వదులవుతాయి గాని బిగుసుకోవని వాడికి తెలియదా?

రాత్రి భోజనాల దగ్గర ఒప్పుకుంటే బావమరిది, "పోనిద్దురూ బావగారూ" అని నవ్వేశాడు. అప్పటికి కుర్రాడు వాళ్ళ వూరు వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ సీరియలు కోసం ఈ పత్రిక తెప్పిస్తుందట. అందుకని ఇక్కడ రాస్తున్నాను. అమ్మా, మీవాడి పెట్రోలులో నీళ్ళు లేవు. తప్పు మాష్టారిది.