కారుకూ ఓ పోపులపెట్టె

పోపులపెట్టెలో ఎన్ని గిన్నెలుంటాయి? ఏడు. బజార్లో దొరికే దినుసులు వందైనా, రోజూ మన చేతికి అందాల్సినవి ఆ ఏడే. కారు పనిముట్ల సంగతీ అంతే! దుకాణంలో నూటెనిమిది వస్తువుల పెట్టె తళతళలాడుతూ కనిపిస్తుంది. ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది. తీరా కొన్నాక అందులో నూరు వస్తువులు ఒక్కసారి కూడా వాడకుండానే తుప్పు పడతాయి. మనకు కావలసినవి ఇక్కడా ఏడే. అవేమిటో, ఏది ముందు ఏది తర్వాత కొనాలో ఈ వారం చెప్పుకుందాం.

"కారు సంగతి మావారు చూసుకుంటారు, మాకెందుకండీ ఇవన్నీ?" అంటారేమో! ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి పర్ణశాలకు మరో 35. చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కితే మెకానిక్ షెడ్డు మాట అటుంచండి, సెల్‌ఫోనుకు సిగ్నలే అందని చోట్లున్నాయి. మీవారు సింగరేణిలో రాత్రి షిఫ్టులో ఉన్నారు, అత్తగారికి ఆయాసం వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది మీరే అనుకోండి. ఆ వేళ తాళంచెవి తిప్పితే కారు "టిక్, టిక్" అని ఊరుకుంటే? అందుకే కారు నడిపేది మీరైనా, మీవారైనా, ఇంట్లో ఒకరికి తెలిసిన పని ఇద్దరికీ తెలిసి ఉండాలి.

ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. ముందు కొలిచే వస్తువులు, తర్వాత గాలి కొట్టే వస్తువు, ఆ తర్వాతే తిప్పే పానాలు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. మొదటే పానాల పెట్టె కొని, టైర్లో గాలి ఎంతుందో తెలియకుండానే ఊరు బయలుదేరతారు. సోల, తవ్వ లేకుండా ఎసరు పోసినట్టన్నమాట!

మొదటి నెల: కొలిచేవి

1. గాలి కొలిచే గేజి. కలంలా పొడుగ్గా ఉండేదైనా, గుండ్రటి ముల్లుదైనా సరే. రెండు వందలకు అటూఇటూగా వస్తుంది. మీ కారుకు ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన స్టిక్కరు మీద రాసి ఉంటుంది. చిన్న కార్లకు చాలావరకు 30, 33 మధ్య ఉంటుంది. పొద్దున్నే బండి కదిలించకముందు కొలవాలి. మన కొత్తగూడెం, భద్రాచలం ఎండల సంగతి తెలిసిందే కదా! మధ్యాహ్నం యాభై కిలోమీటర్లు నడిచిన టైర్లో గాలి వేడెక్కి గేజిలో అంకె పెరుగుతుంది. ఎక్కువైందని అప్పుడు గాలి వదిలేస్తే, మర్నాటి పొద్దుటికి టైరు తక్కువ గాలితో మిగులుతుంది. తక్కువ గాలి టైరు అంచులు నలిగి వేడెక్కుతుంది. ఎండాకాలం టైర్లు పేలడానికి అది పెద్ద కారణం.

గేజి పట్టుకున్నప్పుడే టైరు గాడుల్లోకీ తొంగిచూడండి. గాడి అడుగున అక్కడక్కడా చిన్న గట్టులాంటి గుర్తు ఉంటుంది. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందని అర్థం. ఇక దాన్ని మార్చాల్సిందే. వానాకాలంలో అలాంటి టైరు తడి రోడ్డు మీద సబ్బుబిళ్ళలా జారుతుంది.

2. మల్టీమీటరు. పేరు చూసి భయపడకండి. మూడు వందల లోపు దొరికే మామూలు డిజిటల్‌ది చాలు. దాని మరను డి.సి. 20 అన్న గుర్తు దగ్గర పెట్టి, ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్సుకు, నల్ల తీగ మైనస్సుకు ఆనించండి. రాత్రంతా నిలిపిన బండిలో 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 కంటే తగ్గితే నీరసించినట్టు. ఇంజను నడుస్తుండగా ఇంచుమించు 14 చూపించాలి. అప్పుడు కూడా అంకె 12 దగ్గరే ఆగిపోతే బ్యాటరీకి ఛార్జింగు అందడం లేదన్నమాట. ఈ ముక్క తెలిస్తే అవసరం లేకుండా కొత్త బ్యాటరీకి వేలు పోయరు.

3. తలకు కట్టుకునే లైటు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చీకట్లో ఫోను నోటితో కరుచుకుని చక్రం మార్చే అవస్థ తప్పుతుంది.

రెండో నెల: గాలి, చక్రం

4. కాలితో తొక్కే గాలిపంపు. ఏడెనిమిది వందల్లో మంచిది వస్తుంది. కారు సాకెట్‌కు తగిలించే కరెంటు పంపు తేలిక, కానీ ఖరీదు దాదాపు రెట్టింపు. బడ్జెట్ చిన్నదైతే కాలిపంపే మేలు, దానికి పాడయ్యే మోటారు లేదు. ఇప్పటి కార్లకు చాలావరకు ట్యూబ్‌లెస్ టైర్లే. వాటికి మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోదు. ఆ మేకును అడవి మధ్యలో ఊడబెరకకండి! అలాగే ఉంచి, గాలి నింపుకుని, నిదానంగా దగ్గర్లోని పంచరు షాపుకు చేరండి. అడవి దారిన పంచరు కిట్టు కంటే పంపు ముందు కావాలని చెప్పేది అందుకే.

జాకీ, చక్రం నట్లు విప్పే పానా, ఎర్రటి మెరిసే త్రికోణం సాధారణంగా కారుతోనే వస్తాయి. వాటిని మళ్ళీ కొనకండి. డిక్కీలో చాప ఎత్తి ఉన్నాయో లేదో చూడండి. స్టెప్నీ ఉందా, అందులో గాలి ఉందా అన్నదీ చూడండి. 2020లో నిబంధన మారాక కొన్ని కొత్త కార్లకు స్టెప్నీ ఉండటం లేదు, దాని బదులు పంచరు కిట్టు ఇస్తున్నారు. మీది ఆ రకమేమో బయలుదేరేముందే తెలుసుకోవాలి గాని, కిన్నెరసాని అడవి పక్కన కాదు.

ఓ ఆదివారం పూట ఇంటి ముందే చక్రం మార్చడం సాధన చేయండి. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టండి. నట్లను కారు నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. జాకీ పెట్టే చోటు కారు అడుగు అంచున గాడిలా గుర్తుపెట్టి ఉంటుంది. బిగించేటప్పుడు పక్కపక్కవి కాకుండా ఎదురెదురు నట్లు బిగించండి. నట్టు కదలకపోతే పానా మీద కాలు పెట్టి బరువు మోపండి. బలం కంటే ఉపాయం మేలు!

మూడో నెల: పానాలు, పటకారు

5. రెండు కొసల పానాల సెట్టు. ఎనిమిది పానాలున్న సెట్టు ఎనిమిది వందలకు అటూఇటూగా వస్తుంది. బ్యాటరీ నట్టుకు చాలా కార్లలో 10 మిల్లీమీటర్ల పానా పడుతుంది. ఎక్కువగా వాడేదీ, ఎప్పుడూ కనిపించకుండా పోయేదీ అదే! కొనేటప్పుడు పానా మీద సైజు, కంపెనీ పేరు స్పష్టంగా అచ్చయి ఉన్నాయా చూడండి. తపారియా లాంటి పేరున్న కంపెనీవి ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. వీలైతే కారు వేసుకునే దుకాణానికి వెళ్ళి, డబ్బులివ్వకముందే నట్టుకు తొడిగి చూడండి. వదులుగా ఊగిందా, వద్దు. మెత్తటి ఇనుముతో చేసిన చవక పానా నట్టు మూలలు అరగదీస్తుంది. మూలలు పోయిన నట్టును ఊడదీయడానికి మెకానిక్‌కు ఇచ్చే డబ్బుతో మంచి పానాలే వచ్చేవి.

6. కటింగ్ ప్లేయరు ఒకటి, రెండు వైపులా వాడుకునే స్క్రూడ్రైవరు ఒకటి. రెండూ కలిపి నాలుగైదు వందలు. వీటి పక్కనే నాలుగు ఫ్యూజులు కూడా ఉంచుకోండి. అవి పది, ఇరవై రూపాయల వస్తువులు. ఫ్యూజుకు రంగే గుర్తు. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. ఏ రంగు పోతే ఆ రంగే వేయాలి. రాగితీగో, చాక్లెట్ కాగితమో చుట్టి సరిపెడితే కారే తగలబడవచ్చు సుమా!

నాలుగో నెల: ప్రాణం పోసే తీగలు

7. జంపర్ తీగలు. అయిదారు వందలు. బ్యాటరీ దిగిపోయిన బండిని ఇంకో బండి సాయంతో లేపడానికి. ఎర్ర తీగ ముందు నీరసించిన బ్యాటరీ ప్లస్సుకు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్సుకు. నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్సుకు, చివరి కొస మాత్రం ఆగిన బండి ఇంజను ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. ముందు సాయం చేసే బండిని స్టార్ట్ చేసి, కొన్ని నిమిషాలాగి మీ తాళం తిప్పండి.

మన గోదావరి ఒడ్డువాళ్ళకు ఇది మరీ ముఖ్యం. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటి, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ముసురు పట్టిన వారాల్లో కదలకుండా నిలబడ్డ కారు, తీరా మెరక ప్రాంతానికి తరలించాల్సిన వేళకు మొరాయిస్తే ఎలా? మొదటి హెచ్చరిక విన్ననాడే ఓసారి స్టార్ట్ చేసి చూసుకోండి. ఒకవేళ కారులోకి నీళ్ళు వచ్చేస్తే మాత్రం తాళం తిప్పనే వద్దు. ఇంజనులో నీరుండగా తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయి.

లెక్క చూశారా! ఏడు వస్తువులూ కలిపి సుమారు మూడున్నర వేలు. నెలకు పద్నాలుగు వందలు మించకుండా, చిన్న చీటీ కట్టినట్టు నాలుగు నెలల్లో సమకూరతాయి. కంపెనీని బట్టి, ఊరిని బట్టి ధర కాస్త మారవచ్చు.

వంటింట్లోంచే వచ్చేవి

పాత కాటన్ చీర ముక్కలు ఆయిలు కడ్డీ తుడవడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. బండి చదునైన చోట, చల్లగా ఉన్నప్పుడు కడ్డీ తీసి తుడిచి, మళ్ళీ ముంచి చూస్తే ఆయిలు రెండు గుర్తుల మధ్య ఉండాలి. బ్యాటరీ కొసల మీద తెల్లటి పొడి పేరుకుంటే, తీగలు విప్పి, వంటసోడా కలిపిన నీళ్ళతో పాత బ్రష్షు పెట్టి రుద్దండి. అది ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఆరాక తీగలు బిగించి, పైన కాస్త వేజలీను రాయండి. గరాటు కూడా ఇంట్లోదే చాలు, కానీ ఒకసారి కారుకు వాడింది మళ్ళీ వంటింట్లోకి రాకూడదు!

ఇప్పుడే వద్దు

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 రోజుల్లో మగవాళ్ళు ఆదివారం పూట ప్లగ్గులు విప్పి, కార్బురేటర్ శుభ్రం చేసుకునేవారు. ఇప్పటి ఇంజను కంప్యూటరు చెప్పినట్టు నడుస్తుంది. అందుకే పెద్ద సాకెట్ల పెట్టె, కంప్యూటరు లోపాలు చదివే యంత్రం మనకిప్పుడే అవసరం లేదు. బ్రేకులు, స్టీరింగు పనులు ఎన్ని పనిముట్లున్నా ఇంట్లో ముట్టుకోకండి. అవి తెలిసిన మెకానిక్ పనులే.

ఈ జాగ్రత్తలు మరవకండి

బ్యాటరీ దగ్గరికి వెళ్ళేముందు గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసులు తీసి పక్కన పెట్టండి. తీయలేని సూత్రాలను జాకెట్టు లోపలికి దోపుకోండి. బంగారమైనా ఇనుమైనా ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చర్మం ఊడుతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్సు ముందు, బిగించేటప్పుడు ప్లస్సు ముందు.

కొంగు, చున్నీ నడుముకు బిగించి, జడ ముడి వేసుకోండి. ఇంజను ఆపేసినా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగవచ్చు.

రేడియేటర్ మూత కుక్కర్ మూతలాంటిది. ఆవిరి దిగకుండా కుక్కర్ తెరుస్తామా? ఇంజను పూర్తిగా చల్లారేదాకా దాన్నీ తాకకూడదు.

జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి చేయి గాని, తల గాని పెట్టకండి. పిల్లల్ని బండిలోంచి దించి, రోడ్డుకు దూరంగా పెద్దవాళ్ళ దగ్గర నిలబెట్టాకే జాకీ తీయండి. అడవి దారిలో చీకటి పడ్డాక బండి ఆగితే, ముందు త్రికోణం వెనక పెట్టి, లైట్లు వెలిగేలా చూసుకోండి.

ఏడు వస్తువులూ ఓ మందపాటి గుడ్డసంచిలో సర్ది, డిక్కీలో అందరికీ తెలిసిన చోట పెట్టండి. నెలకోసారి, గ్యాస్ బుక్ చేసే రోజునో, పాలవాడి లెక్క చూసే రోజునో, గేజి తీసి నాలుగు టైర్లూ స్టెప్నీ కొలిచి, మీటరుతో బ్యాటరీ చూసి, ఆ అంకెలు ఇంటి ఖర్చుల పుస్తకంలోనే ఓ మూల రాసుకోండి. పదిహేను నిమిషాల పని. రెండు మూడు నెలలు రాశాక ఏ టైరు మెల్లగా గాలి వదులుతోందో, బ్యాటరీ ఎప్పుడు నీరసిస్తోందో ఆ పుస్తకమే ముందుగా చెప్పేస్తుంది. వచ్చే శ్రీరామనవమికి కల్యాణం చూడటానికి బయలుదేరేలోగా మీ కారు పోపులపెట్టె సిద్ధమవ్వాలి మరి!